ఇరవై రెండు అని రాయించిన రక్తం

నా రక్తంలో హిమోగ్లోబిన్ ఇరవై రెండు. పన్నెండేళ్ళుగా ఈ మాట నా చొక్కా జేబులో ఉంది, లామినేషన్ చేయించిన కాగితం రూపంలో. ఎవరి చేనికి బోరు పాయింటు చూడడానికి వెళ్ళినా, ముందు ఆ కాగితం రైతు చేతిలో పెట్టేవాణ్ణి. చదువు వచ్చినవాడు చదివేవాడు. రానివాడు ఎండలో తళతళమనే ఆ ప్లాస్టిక్‌ను అటూ ఇటూ తిప్పి చూసి తల ఊపేవాడు.

ఇరవై రెండు అబద్ధం. నా రక్తం ఎప్పుడూ ఇరవై దాటలేదు. ఆ అంకె కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర జిరాక్సు అంగడిలో పుట్టింది.

ఎందుకు పుట్టించానో చెప్పాలంటే మా పని సంగతి చెప్పాలి. మా వైపు బోరు వేయించేవాడు ముందు పాయింటు చూసేవాణ్ణి పిలుస్తాడు. నేను అరచేతిలో టెంకాయను అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాను. అడుగున నీళ్ళున్న చోట టెంకాయ లేచి నిటారుగా నిలబడుతుంది. అక్కడ ఒక రాయి పెట్టి సున్నం చల్లుతాము. టెంకాయ నిజంగానే లేస్తుందా అంటే, లేస్తుంది. ఎందుకు లేస్తుందో నాకు తెలియదు. కొన్నిసార్లు నా బొటనవేలికి తెలుసు.

ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్ళకే టెంకాయ లేస్తుందని మా జిల్లాలో గట్టి నమ్మకం. నాదీ ఓ పాజిటివే. కానీ ఓ పాజిటివ్ వాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. గార్లదిన్నె వైపు నుంచి ఒకాయన బ్లడ్ గ్రూపు కార్డు మెడలో వేసుకుని, మోటారు సైకిల్ మీద వచ్చి మా ఊళ్ళ మీద పడ్డాడు. రెండు నెలలు నన్ను పిలిచేవాడు లేడు. అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లో ఇనుప పెట్టెలో ఉన్న పాత కాగితం. ముప్పై రెండో ఏట నాకు హెర్నియా ఆపరేషన్ చేసినప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చింది. హిమోగ్లోబిన్ పందొమ్మిది పాయింట్ ఒకటి. ఆ రోజు డాక్టరు దాన్ని చూసి, "ఏమప్పా, నీ రక్తం ఇంత చిక్కంగా ఉండాదే" అని నవ్వి, కోసి, కుట్టి పంపించేశాడు.

ఆ పందొమ్మిదిని ఉన్నదున్నట్టు చూపించినా సరిపోయేది. నాకు సరిపోలేదు. దానికో కథ కావాలి. మొదటి బోరుకు నీళ్ళు పడినప్పుడు నా రక్తం పద్నాలుగు. తర్వాత పదహారు. తర్వాత పద్దెనిమిది. నీళ్ళు పడిన ప్రతి బోరుకూ భూమిలోని బలం ఇంత నా ఒంట్లోకి వచ్చి, రక్తం చిక్కబడుతూ ఇరవై రెండుకు చేరింది. జిరాక్సు అంగడాయన ఈ అంకెలన్నీ మెట్లు మెట్లుగా టైపు చేసి, పైన ఒక ఎర్ర చుక్క బొమ్మ కూడా పెట్టాడు.

"ఇరవై నాలుగు ఏసేద్దామా అన్నా?" అన్నాడు.

"వద్దప్పా, అంత ఏస్తే నమ్మరు" అన్నాను. నా జీవితంలో నేను చూపిన నిగ్రహం అదొక్కటే.

ఇంకో అబద్ధం ఉంది. అది మా తమ్ముడి గురించి. మాది ఎర్ర ముఖాల ఇల్లు. మా నాయన ముఖం ఎప్పుడూ పొయ్యి ముందు కూర్చున్నవాడి ముఖంలా కందిపోయి ఉండేది. చుక్క ముట్టని మనిషిని ఊరంతా తాగుబోతు అనుకునేది. ఆ ముఖం నాకొచ్చింది, నాకన్నా నాలుగేళ్ళు చిన్నవాడైన తమ్ముడికీ వచ్చింది. ఒకరోజు వాడు సరదాకి నా చేతిలో టెంకాయ తీసుకుని పది అడుగులు వేశాడు. అది నా చేతిలోకన్నా ముందే లేచింది. చూసిన రైతులు ఇద్దరు ముఖాలు చూసుకున్నారు. ఇక పిలుపులన్నీ వాడికే పోతాయనుకున్నాను. ఆ వారంలోనే అందరికీ చెప్పాను: "వానిది పల్చని రగతం. పైకి ఎరుపు, లోపల నీళ్ళు. మా వంశంలో చిక్కని రగతం నా ఒక్కనికే." మాట ఊళ్ళు తిరిగి వాడి దగ్గరికి చేరింది. వాడు నన్ను ఒక్క మాట అడగలేదు. పెళ్ళాం ఊరు బెళుగుప్పకు వెళ్ళిపోయి, బోరు మోటార్లు రిపేరు చేసుకుంటూ ఉండిపోయాడు. ఆ తర్వాత మేము చావులకు తప్ప కలవలేదు.

నిరుడు వేసవిలో మా ఊళ్ళో మెడికల్ క్యాంపు పెట్టారు. నాకు అరవై ఆరు నిండాయి. ఒంట్లో ఏమీ లేదు, ఊరికే అంకె చూపించుకుందామని వెళ్ళాను. ల్యాబు అమ్మాయి సూది గుచ్చి, మిషన్‌లో పెట్టి, చూసి, మళ్ళీ గుచ్చింది.

"మిషన్ తప్పు చూపిస్తాండాది" అంది.

"తప్పు కాదమ్మా. ఎంతుండాది?"

"పందొమ్మిది పాయింట్ నాలుగు."

"అంతేనా? ఇరవై రెండు ఉండాల్నే" అన్నాను, చుట్టూ ఉన్నవాళ్ళకు వినపడేలా.

ఆ అమ్మాయి నవ్వలేదు. "పెద్దాయనా, ఇది గొప్ప చెప్పుకునే సంగతి కాదు. అనంతపురం పోయి రక్తం డాక్టర్‌కు చూపించుకో. ఆలస్యం చేయొద్దు" అని చీటీ రాసిచ్చింది. ఆ చీటీలో అంకె చుట్టూ ఆమె గీసిన ఎర్ర సున్న ఇప్పటికీ కళ్ళలో ఉంది. నా అంకెను చూసి భయపడిన మొదటి మనిషి ఆ అమ్మాయి. భయం అంటుకుంటుందని ఆ రోజే తెలిసింది.

అనంతపురంలో డాక్టరు నెమ్మదైన మనిషి, వేరుశనగ పండించే ఇంట్లో పుట్టినవాడు. బీడీలు తాగుతావా అన్నాడు. లేదన్నాను. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా రక్తం ఎక్కువగా ఉందా, నాయనకు, అన్నదమ్ములకు, అన్నాడు. సరిగ్గా అప్పుడు పక్కన నిలబడి ఉన్న కంపౌండరు నన్ను గుర్తుపట్టాడు. "సార్, ఈయన మా పక్కూరి టెంకాయ ఆయన. మా చేన్లో పాయింటు ఈయనే పెట్టినాడు" అన్నాడు.

ఇక నా నోరు నా మాట వినలేదు. "లేరు సార్. మా వంశంలో నా ఒక్కనికే" అన్నాను. "మొదట్లో పద్నాలుగే ఉన్నింది. ఏటేటా పెరుగుతా వచ్చింది" అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. జేబులోంచి లామినేషన్ కాగితం తీసి ఇచ్చాను.

"ఇవన్నీ ఏ ల్యాబులో చేయించావు?"

"వేరే వేరే ల్యాబులు సార్. అన్నీ ఒక్కచోట టైపు చేయించి పెట్టుకున్యా."

ఆయన ఆ మెట్లను వేలితో ఒక్కొక్కటే తాకుతూ చదివాడు. పద్నాలుగు, పదహారు, పద్దెనిమిది. చదివేకొద్దీ ముఖం గంభీరమైంది. ఇరవై రెండు ఏదో మిషన్ తప్పయి ఉంటుందని పక్కన పెట్టి, మిగతా అంకెలను తన ఫైల్లో ఎక్కించుకున్నాడు. కంపౌండరు నా వైపు గర్వంగా చూశాడు. నేను కూడా, సిగ్గు లేకుండా చెబుతున్నాను, కాస్త ఛాతీ విరుచుకున్నాను.

జీను పరీక్ష కోసం నా రక్తం బెంగుళూరు పోయి వచ్చింది. డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకుని చెప్పాడు. "ఈ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి కనిపించే మార్పు నీకు లేదు. అది మంచిదే. కానీ కొద్దిమందికి ఆ మార్పు లేకుండానే జబ్బు ఉంటుంది. నీ అంకె ఏళ్ళుగా పెరుగుతోంది, ఇంట్లో వేరే ఎవరికీ లేదు. అందుకే నాకు అనుమానం పోవడం లేదు."

"ఏం జబ్బు సార్?"

"ఎముకల మూలుగలో రక్తం తయారవుతుంది కదా, అక్కడ వచ్చే ఒక రకం కాన్సర్. నెమ్మదిగా నడిచేది. నువ్వు కంగారుపడొద్దు. కానీ రక్తం చిక్కబడితే గడ్డకట్టి మెదడుకో గుండెకో అడ్డం పడుతుంది. అందుకని నెలకోసారి ఒక సంచి రక్తం తీసేద్దాం. తర్వాత మూలుగ పరీక్ష, మాత్రలు."

కంగారుపడొద్దు అన్న మాట దగ్గరే నాకు చెవులు మూసుకుపోయాయి. మా నాయన గుర్తొచ్చాడు. ఆయన కళ్ళంలో శెనక్కాయ కుప్ప పక్కన, మధ్యాహ్నం, నీళ్ళ చెంబు చేత్తో పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. యాభై ఎనిమిదేళ్ళు. ఎండ దెబ్బ అన్నారు. చెంబులో నీళ్ళు ఒలకలేదని మా అమ్మ చాలాకాలం చెప్పుకుని ఏడ్చేది. ఆ చెంబు నా కళ్ళ ముందు నిలబడింది. మా వంశంలో ఎవరికీ లేదని చెప్పిన నోటితో నేను ఆ మాట ఎలా చెప్పను?

చెప్పలేదు. చేయి చాపాను.

మొదటి సంచి నిండేటప్పుడు నేను చూడకూడదనుకుని చూశాను. నల్లగా, బద్ధకంగా, బెల్లం పాకంలా దిగింది. సూది రెండుసార్లు మూసుకుపోయింది. బల్ల మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను రెక్కలు చూస్తూ, ఒక్కొక్క బోరూ నా ఒంట్లోంచి దిగిపోతున్నట్టు అనుకున్నాను. నేనల్లిన కథను నేనే నమ్మడం ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు. మూడో సంచి నాటికి నమ్మకం గట్టిపడిపోయింది.

రక్తం తీస్తే ఒళ్ళు తేలికవుతుందన్నారు. నాకు బరువెక్కింది. పళ్ళు తోముకుంటే ఆయాసం. చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే చేతులు సీసంలా వేలాడేవి. చెవుల్లో రోజంతా దూరంగా మోటారు ఆడుతున్నట్టు హోరు. జబ్బు ముదిరిందనుకున్నాను. డాక్టర్‌కు చెబితే మాత్రలు ఇప్పుడే మొదలుపెడతాడని భయపడి, "బాగుండాను సార్" అన్నాను. ఇదొక కొత్త రకం అబద్ధం. ఇంతకు ముందు పెంచి చెప్పేవాణ్ణి, ఇప్పుడు తగ్గించి చెప్పడం నేర్చుకున్నాను.

మూడో సంచి తీసిన పది రోజులకు ఒక రైతు తన మిట్ట చేనుకు పిలుచుకుపోయాడు. గుండ్రాళ్ళ మధ్య నలభై అడుగులు ఎక్కాలి. పదిహేనో అడుగు దగ్గర ఊపిరి అందలేదు. ఛాతీ నిండా గాలి పీలుస్తున్నాను, ఆ గాలి ఎక్కడికీ చేరడం లేదు. అదే నేను ఎరిగిన భయాల్లోకెల్లా పెద్దది. నోటి నిండా నీళ్ళుండగా దాహంతో చస్తున్నట్టు. టెంకాయ అరచేతిలో చచ్చిన ఎలుకలా పడి ఉంది. బొటనవేలితో నెడదామన్నా వేలికి బలం లేదు.

"ఏమన్నా, టెంకాయ లేవలేదే?" అన్నాడు రైతు.

"నీళ్ళు లేవప్పా ఈ చేన్లో" అన్నాను, ఒక బండ మీద కూలబడి. ఆ చేనులో నీళ్ళున్నాయో లేవో ఇప్పటికీ నాకు తెలియదు. నా ఊపిరి చాలక ఆయన చేనును ఎండు చేను చేశాను.

ఆ రైతే నన్ను ఇంటికి చేర్చి మా కూతురికి ఫోన్ చేశాడు. మాకు ఒక్కతే. కళ్యాణదుర్గం దగ్గర సచివాలయంలో పని చేస్తుంది, ముప్పై నాలుగేళ్ళు. తెల్లారేసరికి వచ్చి వాళ్ళమ్మతో ఏదో గుసగుసలాడి, నన్ను బస్సెక్కించింది. దారంతా నా చేయి వదలలేదు. చిన్నప్పుడు నేను ఆమె చేయి పట్టుకున్నట్టు కాదు, దొంగను పట్టుకున్నట్టు.

డాక్టరు నన్ను చూసి, రాసి, మూలుగ పరీక్షకు వచ్చే వారం రమ్మన్నాడు. మాత్రలు కూడా అప్పుడే అన్నాడు. చీటీ అందుకోవడానికి మా అమ్మాయి చేయి చాపింది. ఆయన చీటీ ఇవ్వకుండా ఆమె గోళ్ళ వైపు చూశాడు. తర్వాత పెదవుల వైపు.

"రంగేమైనా వేశావామ్మా?"

"లేదు సార్. పుట్టినప్పటి నుంచీ ఇంతే. స్కూల్లో పాన్ నమిలినావా అని కొట్టినారు కూడా."

"ఒకసారి నీ రక్తం కూడా చూద్దాం. మధ్యాహ్నానికి రిపోర్టు వస్తుంది."

సూది ఆమె చేతిలో దిగుతుంటే నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. మళ్ళీ ఇటు తిరిగి చూస్తే గాజు గొట్టంలో ఉన్నది నా రక్తమే. ఆ బద్ధకం, ఆ నలుపు నాకు తెలుసు.

ఆసుపత్రి క్యాంటీన్‌లో ఎదురెదురుగా కూర్చున్నాము. ఆమె ఉప్మా తెప్పించింది. గంట పదకొండున్నర. రిపోర్టు ఒకటిన్నరకు. ఆ రెండు గంటల్లో నేను ఏం ఊహించుకున్నానో రాయడం కూడా నాకిష్టం లేదు. బల్ల. ఫ్యాను. సంచి. బల్ల మీద నేను కాదు.

"ఏమి నాయనా, అట్ల చూస్తాండావు?"

"అమ్మా, నా జేబులో కాగితం ఉండాదే..."

"ఇరవై రెండు కాగితం. ఉంటే?"

"అది డాక్టర్‌కు ఇచ్చినా."

ఆమె చెంచా ఆగిపోయింది. "అది నువ్వు రైతులకు చెప్పే కత కదా. అమ్మ ఎన్నిసార్లు నవ్వలేదు దాన్ని చూసి? డాక్టర్‌కు ఎందుకిచ్చినావు?"

"ఇచ్చినా. ఏటేటా పెరిగిందని చెప్పినా. మన ఇంట్లో ఇంగెవరికీ లేదని చెప్పినా."

"చిన్నాయన ముఖం? జేజినాయన ముఖం?"

"చెప్పలేదు."

"అయితే మూడు సంచులు రక్తం తీసింది ఆ జిరాక్సు కాగితం చూసేనా?"

నేను తల వంచుకున్నాను. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టుంటే బాగుండేది. ప్లేటు పక్కకు నెట్టి, చిన్న గొంతుతో అడిగింది: "నాకూ తీస్తారా నాయనా?"

అరవై ఆరేళ్ళలో నన్నెవరూ ఇంత చిన్న ప్రశ్న అడగలేదు. లేచి డాక్టరు గది ముందుకు పోయి నిలబడ్డాను.

మా అమ్మాయి రిపోర్టు వచ్చింది. పదిహేడు పాయింట్ మూడు. ఆడవాళ్ళకు అది చాలా ఎక్కువన్నాడు డాక్టరు. ఆయన ఇంకేదో అనబోతుంటే నేను అడ్డం పడి మొత్తం కక్కేశాను. టెంకాయ, గార్లదిన్నె ఆయన, ఆపరేషన్ నాటి పందొమ్మిది కాగితం, జిరాక్సు అంగడి, ఎర్ర చుక్క, తమ్ముడు, నాయన చేతిలో చెంబు. కంపౌండరు వింటున్నాడు. విననీ అనుకున్నాను. వాళ్ళ చేనులో బొటనవేలు వాడానో లేదో మాత్రం గుర్తు లేదని కూడా చెప్పాను.

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పెద్దాయనా, నువ్వు నా దగ్గరికి తెచ్చింది జబ్బు కాదు, నాటకం" అన్నాడు. గొంతులో కోపం ఉంది. తర్వాత కుర్చీ చూపించాడు. "ఎండాకాలం మీ ఊరికి నీళ్ళ ట్యాంకరు వస్తుందా?"

"వస్తాది సార్."

"ట్యాంకరు నిండుగా వచ్చింది. కానీ కొళాయి బిగుసుకుపోయింది. బిందె పెడితే సన్న ధార. జనం ఏం చేస్తారు?"

"నీళ్ళు రాలేదని ఆఫీసుకు ఫోన్లు చేస్తారు."

"ఆఫీసు ఇంకో ట్యాంకరు పంపుతుంది. దాని కొళాయీ అంతే. ఇంకోటి. చివరికి వీధి నిండా ట్యాంకర్లు, బిందెల్లో నీళ్ళు అంతంతమాత్రం. నీ ఒంట్లో ఎర్ర కణాలు అలాంటి ట్యాంకర్లు కావచ్చు. వాటిలో ఉన్న హిమోగ్లోబిన్ ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నింపుకుంటుంది. కండల దగ్గరికి చేరాక గట్టిగా పట్టుకుని తొందరగా వదలదు. గాలి చాలడం లేదని మూత్రపిండాలు మూలుగకు కబురు పెడతాయి. మూలుగ ఇంకా కణాలు చేస్తుంది. అది కాన్సర్ కాదు. పుట్టుకతో వచ్చేది. ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి దిగేది."

"మరి రక్తం తీస్తే..."

"కొళాయి సంగతి చూడకుండా మూడు ట్యాంకర్లు వెనక్కి పంపించేశాం. జనానికి ఉన్న ఆ కాస్త నీళ్ళూ పోయాయి."

మిట్ట చేనులో బండ మీద కూలబడింది గుర్తొచ్చింది. ఇంకొక్క సంచి తీసుంటే?

"ఇదంతా నా అనుమానమే. తేల్చడానికి పరీక్షలు బెంగుళూరులో చేయించాలి. నీ పాత ఆపరేషన్ కాగితం తీసుకురా. అసలుది. జిరాక్సు అంగడిది కాదు. ఇంకొకటి, మీ తమ్ముడి రక్తం కావాలి. అంతవరకు సంచీ లేదు, మాత్రలూ లేవు."

తమ్ముడి రక్తం. సూదికన్నా ఆ మాటకే ఎక్కువ భయపడ్డాను.

బెళుగుప్పలో వాడి రిపేరు అంగడి రోడ్డు పక్కనే. నేను వెళ్ళేసరికి మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. నలుగురు రైతులు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వాడు తల ఎత్తలేదు.

"ఏమన్నా, టెంకాయ దారి తప్పి ఈడికి పిల్చకొచ్చిందా?"

"నీతో పనుండాది అబ్బయా."

"చెప్పు. ఈడ అందరూ మనోళ్ళే."

"నీ రగతం కావల్ల."

తీగ చుట్టడం ఆగింది. "నాది పల్చని రగతం కదన్నా. పైకి ఎరుపు, లోపల నీళ్ళు. అది నీకెందుకు?"

బెంచీ మీద ఒకాయన నవ్వాడు. నేను నిలబడే చెప్పాను. ఆ మాట నేను కల్పించిందని, నా పని పోతుందని చెప్పానని, టెంకాయ వాడి చేతిలో ముందు లేచిందని. ఇప్పుడు డాక్టరు ఏమంటున్నాడో, నా కూతురి అంకె ఎంతో కూడా చెప్పాను. నవ్విన ఆయన చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

తమ్ముడు చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళి, ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. అందులో ల్యాబు కాగితం. వాడి పేరు. హిమోగ్లోబిన్ పందొమ్మిది పాయింట్ ఎనిమిది. తేదీ చూస్తే నేను ఆ మాట పుట్టించిన సంవత్సరమే.

"నువ్వు పల్చన అన్న వారమే పోయి చూపించుకుంటి" అన్నాడు. "నీ ఆపరేషన్ కాగితంలో ఉన్నదాని కంటే ఎక్కువే ఉన్నింది."

"మల్ల ఎవరికీ చూపించలేదే?"

"చూపించింటే నీకు పనుండేదా?" అన్నాడు. రోడ్డు వైపు చూస్తూ అన్నాడు: "ఇంగొకటి. ఆ ల్యాబాయన ఇంతుంటే మంచిది కాదన్యాడు. నాకు నాయన గ్యాపకమొచ్చినాడు. అప్పట్నుంచి తలనొప్పి వస్తే చాలు, ఇదే ఆఖరు రోజని కూచ్చుంటా. ఎవరికి చెప్పుకోల్ల? నీకా?"

అన్నేళ్ళు వాడు ఒక్కడే భయపడ్డాడు. అదే భయాన్ని నేను లామినేషన్ చేయించుకుని ఊరేగాను. ఇద్దరమూ ఒకే బస్సులో, ఒకే సీటులో అనంతపురం వచ్చాము. మాట్లాడుకున్నది తక్కువ. దారిలో వాడు కిటికీ సీటు నాకిచ్చాడు.

మా ముగ్గురి రక్తం బెంగుళూరు పోయింది. రావడానికి ఐదు వారాలు పట్టింది. సంచులు ఆగిపోయాక నా ఊపిరి కొద్దికొద్దిగా వెనక్కి వచ్చింది. నాలుగో వారానికి పంచాయతీ బోరు దాకా ఆగకుండా నడిచాను. అయినా భయం తగ్గలేదు. అది నాలోంచి లేచి మా అమ్మాయి మీద కూర్చుంది. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, "తల నొస్తాండాదా? కళ్ళు మసకలు కమ్ముతాండాయా?" అని అడిగేవాణ్ణి. నాలుగు రోజులు ఓపిక పట్టి, ఐదో రోజు, "నాయనా, నీ ఫోన్ చూస్తేనే తల నొస్తాండాది, పెట్టేయ్" అంది.

ఫలితం డాక్టరు అనుకున్నట్టే వచ్చింది. కాన్సర్ కాదు. హిమోగ్లోబిన్‌లో ఒక్క చోట చిన్న మార్పు, ముగ్గురిలోనూ అదే. ఇలాంటి మార్పులకు మొదట కనిపెట్టిన ఊరి పేరు పెడుతుంటారట. మా మార్పుకున్న పేరు ఎక్కడో సముద్రాల అవతలి ఊరిది.

"మా ఊరి పేరు పెట్టేదానికి కాదా సార్?" అని అడిగాను.

"నువ్వు ఆలస్యంగా వచ్చావు" అన్నాడు డాక్టరు. మొదటిసారి నవ్వాడు. ఆ సాయంత్రం మా ఊరి రచ్చబండ దగ్గర, మన రక్తానికి మన ఊరి పేరే పెట్టారని చెప్పాను. మరునాడు పొద్దున్నే పోయి కాదని చెప్పాను. రెండోసారి చెప్పింది ఎవరూ నమ్మలేదు.

ఈ రక్తంతో చాలామంది నిండుగా బతుకుతారన్నాడు డాక్టరు. నీళ్ళు బాగా తాగాలి, బీపీ చూసుకోవాలి, పొగ జోలికి పోకూడదు. గడ్డకట్టే ప్రమాదం అసలు లేదని మాత్రం రాసివ్వలేనన్నాడు. మా నాయన ఎందుకు పోయాడో అడిగాను. "ఇప్పుడు ఎవరూ చెప్పలేరు" అన్నాడు. ఆ మాటను నేను ఇప్పటికీ మోస్తున్నాను. చెంబులో నీళ్ళు ఒలకలేదు అన్న మాట పక్కనే పెట్టి మోస్తున్నాను.

ముగ్గురికీ తలా ఒక కాగితం రాసిచ్చాడు. ఈ మనిషి హిమోగ్లోబిన్ ఇలాంటిది, అంకె ఎక్కువుందని కంగారుపడి రక్తం తీయవద్దు, ఆపరేషన్ చేయాల్సి వస్తే ముందు రక్తం డాక్టరును అడగండి అని. ఎప్పుడూ దగ్గర ఉంచుకోమన్నాడు. తమ్ముడు తనది మడిచి పర్సులో పెట్టుకుని బెళుగుప్ప బస్సెక్కాడు. మా అమ్మాయి తనది నా చేతిలో పెట్టి, ఆఫీసుకు టైమైందని వెళ్ళిపోయింది.

నేను కళ్యాణదుర్గంలో దిగి జిరాక్సు అంగడికి పోయాను. ఆయన నన్ను చూడగానే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"రా అన్నా. ఈసారి ఎంత ఏద్దాం? ఇరవై ఐదు?"

"ఏమీ ఏయొద్దు. ఉన్నది ఉన్నట్ల లామినేషన్ చెయ్."

ఆయన కాగితాలు తిప్పి చూశాడు. "రెండు ఉండాయే?"

"రెండోది నా కూతురిది."

ఆయన నాది ముందు పెట్టాడు. అది మామూలుగా బయటికి వచ్చింది. తర్వాత మా అమ్మాయిది ప్లాస్టిక్ కవరులో సర్ది, మిషన్ నోట్లో పెట్టాడు. సగం దాకా పోయి ఆగింది. వేడికి ప్లాస్టిక్ వాసన వచ్చింది. కాగితం మీద ఆమె పేరు, పదిహేడు పాయింట్ మూడు అన్న అంకె బయటే ఉండి వంకరపోతున్నట్టు కనిపించాయి. నా చేయి దానంతటదే ముందుకు పోయింది.

"పెరక్కన్నా, చినిగిపోతాది" అన్నాడు ఆయన, నా మణికట్టు పట్టుకుని. "గమ్మునుండు. అదే వస్తాది."

గమ్మున నిలబడ్డాను. మిషన్ ఒకసారి గురక పెట్టి, మళ్ళీ మెల్లగా లాక్కోవడం మొదలుపెట్టింది.